తలుపు తట్టి ఎంతసేపు నిలబడాలి?

(సిబ్బంది కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమన్నప్పుడు ఏ విషయం మీద అని అడిగాను. "మీ విభాగం వాళ్ళు రెండో శనివారం రాత్రిళ్ళు ఆఫీసులో ఏం చేస్తారో చెప్పండి చాలు, ఇళ్ళల్లో అందరూ అదే అడుగుతున్నారు" అన్నారు. మా ఇంట్లోనూ అదే ప్రశ్న. 2015 సెప్టెంబరు నుంచి బ్యాంకులకి రెండో శనివారం, నాలుగో శనివారం సెలవులు వచ్చాయి. మాలో ఏడెనిమిది మందికి మాత్రం రెండో శనివారం అనేది క్యాలెండర్లోనే ఉండేది. రాత్రి పదకొండుకి వెళ్ళి, ఆదివారం పొద్దున ఎర్రబడ్డ కళ్ళతో ఇంటికి వచ్చేవాళ్ళం. "రాత్రంతా ఏం చేశారు?" అని మా ఆవిడ అడిగితే చెప్పడానికి మొహమాటంగా ఉండేది. ఎందుకంటే నిజమైన జవాబు "ఎదురుచూశాం" అని. రాని జవాబు కోసం ఎదురుచూడటం. ఆ కథే ఇవాళ చెప్తాను.

మన బ్యాంకులో ప్రతి కంప్యూటరుకీ, ఏటీఎంకీ, సర్వరుకీ నెట్‌వర్కులో ఒక చిరునామా ఉంటుంది. దాన్ని ఒక పెద్ద బజారు వీధి అనుకోండి. ఆ వీధిలో షాపులు 65,535. వాటినే పోర్టులంటాం. ఒక్కో పనికి ఒక్కో షాపు. మీరు ఫోనులో బ్యాంకు వెబ్‌సైటు తెరిస్తే 443వ నంబరు షాపుకి వెళ్తారు. ఫైళ్ళు ఒక కంప్యూటరు నుంచి ఇంకోదానికి పంచుకునేది 445లో. దూరంగా కూర్చుని ఇంకో కంప్యూటరు తెరని మన ముందుకి తెచ్చుకునేది 3389లో. ఈ వేల షాపుల్లో మనకి నిజంగా కావలసినవి నాలుగైదు. మిగతావన్నీ షట్టరు దించి ఉండాలి. దించి ఉన్నాయా లేదా అని రాత్రి పూట గూర్ఖా ఒక్కో తాళం లాగి చూసుకుంటూ వెళ్తాడు చూశారా, ఆ పనే మేం చేసేది. దాని పేరు పోర్టు స్కాన్.

ఇది ఎందుకంత ముఖ్యమంటే, దొంగలు కూడా మొదట చేసేది ఇదే. 2017 మే నెలలో వాన్నాక్రై అనే మాయదారి ప్రోగ్రాం ప్రపంచమంతా పాకింది. బ్రిటన్‌లో ఆసుపత్రులు రోగుల్ని వెనక్కి పంపాల్సి వచ్చింది. అది పాకింది ఇందాక చెప్పిన 445 గుండానే. మైక్రోసాఫ్ట్ ఆ లోపానికి మరమ్మతు మార్చిలోనే ఇచ్చింది. మరమ్మతు చేయని, ఆ షట్టరు తెరిచి ఉన్న యంత్రాలు దానికి చిక్కాయి. "మన దగ్గర 445 తెరిచి ఉన్నవి ఎన్ని?" అని ఆ సోమవారం ప్రతి బ్యాంకులోనూ అడిగి ఉంటారు. ఆ ప్రశ్నకి గంటలో జవాబు చెప్పగలగడం వేరు, మూడు నెలల్లో చెప్పడం వేరు. మాకు అప్పట్లో మూడు రెండో శనివారాలు పట్టేది.

ఎందుకు పట్టేదో చెప్పడానికి ఫోను ఉదాహరణ బాగుంటుంది. ఒక నంబరుకి ఫోను చేస్తే ఎవరైనా ఎత్తి "హలో" అంటారు. అంటే ఆ పోర్టు తెరిచి ఉంది. లేదా వెంటనే "మీరు డయల్ చేసిన నంబరు మనుగడలో లేదు" అని వస్తుంది. అంటే మూసి ఉంది. ఈ రెండింట్లో ఏదైనా కన్ను మూసి తెరిచేలోగా తేలిపోతుంది. మూడోది ఉంది: రింగు లేదు, మాట లేదు, ఏమీ లేదు. చెవి దగ్గర పెట్టుకుని అలా నిలబడతాం. లైను పోయిందా, అవతల వాళ్ళు ఎత్తడం లేదా, మధ్యలో ఎవరైనా ఆపేశారా? తెలియదు. పెట్టేసి మళ్ళీ చేస్తాం. మళ్ళీ అదే.

ఆ మూడోది ఫైర్‌వాల్ చేసే పని. నెట్‌వర్కు గేటు దగ్గర కూర్చున్న కాపలాదారు అది. తనకిచ్చిన జాబితాలో లేని ప్యాకెట్ వస్తే "వీల్లేదు, వెళ్ళు" అని చెప్పవచ్చు, లేదా నోరు మెదపకుండా చెత్తబుట్టలో పడేయవచ్చు. బయటి ప్రపంచం వైపు చాలామంది రెండోదే పెట్టుకుంటారు. "వీల్లేదు" అన్నా ఇక్కడ ఒకరున్నారని దొంగకి తెలుస్తుంది కదా. పైగా దొంగ వేరేవాళ్ళ చిరునామా వేసి ఉత్తరం పంపితే, మన జవాబు ఏ పాపం తెలియని వాళ్ళ నెత్తినో పడుతుంది. అందుకని మౌనం. దొంగకి మంచి శిక్షే, కానీ మా గూర్ఖాకి కూడా అదే శిక్ష.

చిన్న లెక్క వేద్దాం. మౌనంగా ఉన్న ఒక్కో పోర్టు దగ్గర ఒక సెకను ఆగి, దారిలో తప్పిపోయిందేమోనని ఇంకోసారి తట్టి మరో సెకను ఆగితే, ఒక పోర్టుకి 2 సెకన్లు. 65,535 పోర్టులకి 1,31,070 సెకన్లు, అంటే 36 గంటలకి పైన. ఒక్క యంత్రానికి! అన్నీ జవాబిచ్చే యంత్రమైతే అదే పని నిమిషాల్లో ముగుస్తుంది. గంటలకొద్దీ కాలం ఖర్చయ్యేది పనికి కాదు, నిశ్శబ్దానికి.

నిజానికి ఎవరూ ఒకటొకటిగా తట్టరు లెండి. పెళ్ళి శుభలేఖలు పంచేటప్పుడు ఒకటి పోస్టు చేసి, వాళ్ళు వస్తామనేదాకా ఆగి, అప్పుడు రెండోది రాయం కదా. వంద ఒకేసారి పంపి జవాబులు వచ్చినవి వచ్చినట్టు టిక్కు పెట్టుకుంటాం. ఈ పనికి ప్రపంచమంతా వాడే పనిముట్టు ఎన్‌మ్యాప్. గోర్డన్ లియాన్ అనే ఆయన 1997లో రాసి ఉచితంగా ఇచ్చారు. మీ పిల్లలకి చెప్పండి, 'మ్యాట్రిక్స్ రీలోడెడ్' సినిమాలో ట్రినిటీ పవర్ గ్రిడ్‌లోకి చొరబడేటప్పుడు తెర మీద కనిపించేది అదే. అన్నీ చూడమని మనం చెప్పకపోతే అది ఎక్కువ వాడుకలో ఉన్న 1,000 పోర్టులే చూస్తుంది. వచ్చిన జవాబులు ఎంతసేపట్లో వచ్చాయో కొలుచుకుని, దాన్ని బట్టి ఎంతసేపు ఆగాలో తనే సర్దుకుంటుంది. కానీ కొలుచుకోవడానికి ఒక్క జవాబైనా రావాలి. అవతల పూర్తిగా మౌనమైతే అదీ చీకట్లో నడిచినట్టు నడుస్తుంది.

ఇక నా తెలివితేటల సంగతికి వస్తాను.

మూడు శనివారాలు పట్టే పని ఒక్క రాత్రిలో తేల్చేస్తానని ఒకసారి పంతం పట్టాను. సొంతంగా ఒక చిన్న స్క్రిప్టు రాశాను. మన బ్రాంచీలకి లీజ్డ్ లైను మీద ప్యాకెట్ వెళ్ళి తిరిగి రావడానికి 30, 40 మిల్లీసెకన్లు చాలు, మరి సెకను ఎందుకు ఆగాలి? 300 మిల్లీసెకన్లు ఆగి, రాకపోతే "మౌనం" అని రాసుకుని ముందుకి పొమ్మన్నాను. రెండోసారి తట్టడం తీసేశాను. మూడు శనివారాల పని తెల్లవారుజామున నాలుగింటికి అయిపోయింది. రిపోర్టు శుభ్రంగా ఉంది. మా చీఫ్ మేనేజరు గారు భుజం తట్టారు. ఆదివారం మధ్యాహ్నం మా ఆవిడతో కలిసి భోంచేశాను. చాలా కాలం తర్వాత.

నాలుగు నెలలు అలా గడిచాయి. ఏజెన్సీ ప్రాంతంలో మనకొక బ్రాంచి ఉంది. కొండల మీద, ఒక మేనేజరు, ఇద్దరు సిబ్బంది. అక్కడికి ఏదో పని మీద వెళ్ళిన మా కుర్రవాడు, ఊరికే కూర్చోలేక లాప్‌టాప్‌తో అక్కడి నెట్‌వర్కుని లోపల నుంచి తట్టి చూశాడు. సీసీ కెమెరాల రికార్డరు ఒకటి 23వ పోర్టు తెరుచుకుని కూర్చుంది. 23 అంటే టెల్‌నెట్, పాత కాలపు దారి. అందులో పాస్‌వర్డు కూడా దాపరికం లేకుండా వెళ్తుంది. ఆ పాస్‌వర్డేమో కంపెనీ నుంచి వచ్చినప్పటిదే. నా రిపోర్టులో ఆ బ్రాంచి మొత్తం "మౌనం" అని ఉంది.

ఫోను చేసి "సార్, మీ రిపోర్టులో ఇది లేదండీ" అన్నాడు. ఎలా తప్పిందో నాకు వెంటనే తట్టలేదు. ఆ బ్రాంచి లైను ఏమిటో చూశాక తెలిసింది. అక్కడికి తీగ లేదు. వీశాట్, అంటే ఉపగ్రహం మీద నడుస్తుంది. ఆ ఉపగ్రహం భూమధ్యరేఖకి పైన దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. మన ప్యాకెట్ పైకి వెళ్ళి కిందికి దిగాలి, జవాబు మళ్ళీ పైకి వెళ్ళి కిందికి దిగాలి. కాంతి వేగంతో వెళ్ళినా అర సెకనుకి కాస్త తక్కువ పడుతుంది, యంత్రాల ఆలస్యం కలిపితే అర సెకను దాటుతుంది. నేను ఆగింది 0.3 సెకను. ఆ రికార్డరు పాపం ప్రతిసారీ "ఉన్నాను" అని జవాబిచ్చింది. ఆ జవాబు ఇంకా ఆకాశంలో ఉండగానే నేను లేదని రాసుకుని వెళ్ళిపోయాను. వీశాట్ మీద ఉన్న మన బ్రాంచీలన్నిటికీ నా శుభ్రమైన రిపోర్టు నాలుగు నెలలుగా అబద్ధమే చెప్పింది.

అదృష్టవశాత్తూ ఆ రికార్డరు జోలికి ఎవరూ రాలేదు. 2016లో మిరాయ్ అనే ప్రోగ్రాం సరిగ్గా ఇలాంటి కెమెరాలని, రికార్డర్లని, ఇంటి రూటర్లని వెతికి పట్టుకుంది. టెల్‌నెట్ పోర్టు తట్టడం, కంపెనీ పాస్‌వర్డుల చిన్న జాబితా ఒకటొకటిగా వేసి చూడటం, అంతే దాని విద్య. అలా పోగేసిన లక్షల పరికరాలతో ఆ అక్టోబరులో అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి కాసేపు అందకుండా చేశారు.

ఆ దెబ్బతో గడువుని ఒక్కో బ్రాంచికి విడిగా లెక్కకట్టడం మొదలుపెట్టాం. ముందు కొలవాలి: ఆ దారిలో వెళ్ళి రావడానికి మామూలుగా ఎంత పడుతోంది? దానికి మూడు రెట్లు ఆగాలి. లీజ్డ్ లైనుకి తక్కువ, వీశాట్‌కి ఎక్కువ. తప్పిపోయిన ప్యాకెట్ కోసం ఇంకొక్కసారి తట్టాలి, పదిసార్లు కాదు. వీశాట్ బ్రాంచీలని విడిగా ఒక గుంపు చేశాం, వాటి కోసం మిగతావి ఆగకుండా. చిరునామాకి పేరేమిటో వెతికే పని మానేశాం, ఆ వెతుకులాటే గంటలు తింటోందని అప్పుడు తెలిసింది. వీటితో మూడు శనివారాలు ఒకటిన్నర అయ్యాయి. ఇక్కడితో ఆగి ఉంటే బాగుండేది.

ఆగలేదు. "మౌనం వల్లే కదా ఆలస్యం, మన స్కానరు చిరునామా ఒక్కదాన్ని ఫైర్‌వాల్ ఆపకుండా వదిలేస్తే?" అని ఫైర్‌వాల్ చూసే మిత్రుణ్ణి అడిగాను. అడిగింది తప్పు కాదు, రాతపూర్వకంగా అనుమతి తీసుకునే చేశాం. కాపలాదారు దారి ఇచ్చాడు. ఇప్పుడు ప్రతి యంత్రమూ "ఉంది", "లేదు" అని టకటకా చెప్తుంది కదా అని, సెకనుకి వేల ప్యాకెట్ల చొప్పున వదిలాను. బ్రాంచికి ఇచ్చిన చిరునామాలు 254. నిజంగా యంత్రాలున్నవి ఇరవయ్యో ముప్పయ్యో. ఏవి ఉన్నాయో చూసే ఓపిక లేక 254నీ తట్టమన్నాను.

ఫైర్‌వాల్ దగ్గర ఒక రిజిస్టరు ఉంటుంది. లోపలికి వదిలిన ప్రతి సంభాషణకీ అందులో ఒక వరుస రాసుకుంటుంది, జవాబు తిరిగి వచ్చినప్పుడు గుర్తు పట్టడానికి. ఆపేసిన ప్యాకెట్లకి వరుస అక్కర్లేదు. వదిలినవాటికి కావాలి. యంత్రం "లేదు" అంటే ఆ వరుస కొట్టేస్తుంది. అసలు యంత్రమే లేని చిరునామా అయితే జవాబు రాదు, గడువు తీరేదాకా ఆ వరుస చెరగదు. ఉదాహరణకి, సెకనుకి 5,000 ప్యాకెట్లు వదిలి ఒక్కో వరుస 30 సెకన్లు ఉండిపోతే, రిజిస్టరులో 1,50,000 వరుసలు నా గోలతోనే నిండుతాయి. రిజిస్టరు నిండితే కొత్తగా వచ్చినవాళ్ళకి, వాళ్ళు ఎంత నిజాయితీపరులైనా, చోటు లేదు.

రాత్రి 1:40కి ఆ ఫైర్‌వాల్ వెనకున్న ఏటీఎంలన్నీ ఒక్కసారిగా మూగబోయాయి. మానిటరింగ్ గదిలో ఎర్ర దీపాలు చూసి మిత్రుడు పరుగెత్తుకొచ్చి నా స్కాన్ ఆపించాడు. అంతా సర్దుకోవడానికి 11 నిమిషాలు. అర్ధరాత్రి, సెలవు రోజు, ఎవరు తీసుకుంటారులే డబ్బు అనుకుంటాం. సోమవారం ఒక బ్రాంచి మేనేజరు గారు ఫోను చేశారు. మన ఏటీఎం అక్కడ ఒక ప్రసూతి ఆసుపత్రికి ఎదురుగా ఉంది. ఒకాయన మందుల కోసం డబ్బు తీసుకోవడానికి వచ్చి, రెండుసార్లు ప్రయత్నించి, వానలో ఇంకో ఏటీఎం వెతుక్కుంటూ వెళ్ళాడట. పొద్దున్నే బ్రాంచికి వచ్చి ఎవరి మీదా అరవలేదు. "రాత్రి ఎందుకు రాలేదు సార్?" అని మాత్రం అడిగాడట. మేనేజరు గారు ఆ ప్రశ్నే నన్ను అడిగారు. నేను వివరణ రాసిచ్చాను, ఉన్నది ఉన్నట్టు. అది ఇప్పటికీ నా సర్వీసు ఫైల్లో ఉంది. ఉండనివ్వండి.

ఆ తర్వాత మేం తీరిగ్గా కూర్చుని చూస్తే తేలిందేమిటంటే, మేం ఇన్నాళ్ళూ రెండు ప్రశ్నలని ఒకటిగా కలిపి అడుగుతున్నాం. "ఈ యంత్రంలో ఏ షట్టర్లు తెరిచి ఉన్నాయి?" అనేది ఒకటి. "కాపలాదారు ఆపవలసినవాళ్ళని ఆపుతున్నాడా?" అనేది ఇంకొకటి. మొదటిదానికి గేటు బయట నిలబడి అడగడం ఎందుకు? రెండోదానికి వేల యంత్రాల్ని తట్టడం ఎందుకు?

ఇప్పుడు మొదటి ప్రశ్న లోపల నుంచే అడుగుతాం. మన కంప్యూటర్లు చాలావరకు తమలో ఏ పోర్టులు తెరిచి ఉన్నాయో తామే చెప్పగలవు. ఆ జాబితా తెప్పించుకుంటే తట్టే పనే లేదు. అలా చెప్పలేనివి ఉన్నాయి: కెమెరా రికార్డర్లు, ప్రింటర్లు, యూపీఎస్‌లు, హాజరు వేలిముద్ర యంత్రాలు. వాటిని తట్టాల్సిందే. అందుకు ప్రాంతీయ కార్యాలయాల్లో, ఫైర్‌వాల్‌కి ఇవతలి వైపు, పక్కన పడేయబోయిన పాత డెస్క్‌టాప్‌లనే పెట్టుకున్నాం. అక్కడి నుంచి మౌనం తక్కువ. నిజంగా ఉన్న చిరునామాలనే తడతాం. వీశాట్ బ్రాంచికి మాత్రం అక్కడి కంప్యూటరే ఒకటి తన పొరుగువాళ్ళని తట్టి, ఫలితం ఒక్క కాగితంగా పంపుతుంది. ఆకాశం మీదుగా వేలసార్లు వెళ్ళి రావడం తప్పింది.

రెండో ప్రశ్నకి ముందు కాపలాదారు దగ్గరున్న జాబితా చదువుతాం. వింతగా ఉంటుంది కానీ అది అంతకు ముందు మేం ఎప్పుడూ పూర్తిగా చదవలేదు. ఎప్పుడో ఒక వారం పని కోసం తెరిచి, మూయడం మరిచిన నియమాలు అందులోనే దొరికాయి. ఆ తర్వాత మచ్చుకి కొన్ని యంత్రాలని గేటు బయట నుంచి తట్టి చూస్తాం. దీనికి తొందర లేదు. సెకనుకి 20 చొప్పున ఒక్కసారి తట్టుకుంటూ పోయినా 65,535 పోర్టులు గంటలోపు అవుతాయి, ఒక్కోదాని జవాబు కోసం నిలబడిపోకుండా ఉంటే. పట్టపగలు చేసినా ఏటీఎంకి తెలియదు. స్కానరుకి ఇంత వేగం మించకూడదని ఫైర్‌వాల్‌లోనే కట్టేశాం, నాలాంటివాడికి మళ్ళీ ఉత్సాహం వచ్చినా కుదరకుండా. యూడీపీ అని ఇంకో రకం పోర్టులున్నాయి, వాటి కథ ఇంతకంటే నిదానం. లినక్స్ యంత్రాలు "లేదు" అనే జవాబుని దాదాపు సెకనుకి ఒకటి చొప్పునే ఇస్తాయి కాబట్టి, ఒక్క యంత్రంలో అన్నీ చూడాలంటే 18 గంటలు దాటుతుంది. అందులో పది పదిహేను ముఖ్యమైనవే చూసి ఊరుకుంటాం.

మూడు శనివారాల పని ఇప్పుడు వారం రోజుల్లో, పగటిపూట, ఎవరి నిద్రా చెడకుండా అవుతోంది. రెండో శనివారాలు మాకూ తిరిగొచ్చాయి.

కుర్రవాళ్ళు కొందరు వెనక వరుసల్లో ఫోన్లు తీయడం చూస్తున్నాను. ఈ స్కాన్ చేసే యాప్‌లు ఫోనులోకి కూడా వస్తాయి. మీ ఇంటి వైఫై మీద చేసి చూడండి, తప్పు లేదు, నేర్చుకుంటారు. పక్కింటివాళ్ళదీ, కాలేజీదీ, బ్యాంకుదీ మాత్రం వద్దు. అనుమతి లేకుండా ఇతరుల కంప్యూటర్లోకి వెళ్తే మన దేశంలో ఐటీ చట్టం 2000లోని 43, 66 సెక్షన్లు ఉన్నాయి. "నేను తలుపు తట్టానంతే, లోపలికి వెళ్ళలేదు" అనే వాదన పోలీస్ స్టేషన్లో కూర్చుని చెప్పుకోవలసి వస్తుంది. పాతికేళ్ళ సర్వీసున్న నేను కూడా మన సొంత యంత్రాలని తట్టే ముందు సంతకం తీసుకుంటాను.

ఇళ్ళల్లో కెమెరాలు పెట్టించుకున్నవాళ్ళు చాలామందే ఉంటారు. ఆ రికార్డరు డబ్బా అడుగున ఒక స్టిక్కరు ఉంటుంది, మోడల్ నంబరుతో. ఇంటికి వెళ్ళాక అది ఫోటో తీసి మీ వాళ్ళ చేత నాకు పంపండి. పాస్‌వర్డు వద్దు, పంపకండి. పెట్టినవాడు ఇచ్చిన పాస్‌వర్డే ఇప్పటికీ ఉంటే మాత్రం ఇవాళ రాత్రే మార్చేయండి. టెల్‌నెట్ ఎక్కడ ఆపాలో ఫోను చేస్తే చెప్తాను. రెండో శనివారమైనా ఫరవాలేదు, ఇంట్లోనే ఉంటాను.